పెళ్ళికాని అమ్మాయి కథకు పెళ్ళి ఒక్కటేనా ముగింపు?

‘మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి’ సినిమా 2023 సెప్టెంబరు 7న విడుదలైంది. అదే రోజు షారుఖ్ ఖాన్ ‘జవాన్’ కూడా వచ్చింది. అంత పెద్ద సినిమా పక్కన ఉన్నా ఈ చిన్న సినిమాకు ప్రేక్షకులు దొరికారు. మరుసటి నెలలో నెట్‌ఫ్లిక్స్‌లోకి రావడంతో థియేటరుకు వెళ్ళని ఇళ్ళలోకి కూడా చేరింది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మామూలే. తెలుగు సినిమా మనకు పొరుగు రాష్ట్రం సినిమా కాదు, మన ఇంటి సినిమాయే. పైగా అనుష్క శెట్టి మంగళూరు వైపు కుటుంబం బిడ్డ, బెంగళూరులో చదువుకున్నది. కాబట్టి రెండు భాషలవాళ్ళూ ఆమెను మా అమ్మాయే అంటారు.

ఈ సినిమా గురించి మేము రాయడానికి కారణం నటన గురించో పాటల గురించో చెప్పాలని కాదు. సినిమా చూసినవాళ్ళు మాట్లాడే మాటలు ముఖ్యం అనిపించింది. పెళ్ళి చేసుకోకుండా ఉండాలనుకునే ఒక స్త్రీ గురించి మన ఇళ్ళలో, మన సంఘాల్లో, మన యువజన కూటాల్లో ఇంత తెరిచి మాట్లాడుకోవడం అరుదు. సినిమా ఆ మాట తెచ్చింది. కనుక ఆ మాటను సగంలో వదిలేయకుండా కొంచెం ముందుకు తీసుకెళ్దాం.

కథ ఏమిటి?

చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాం. అన్విత లండన్‌లో పేరున్న షెఫ్. తల్లిదండ్రుల కాపురం విడిపోవడం చూసి పెరిగింది. ప్రేమ మీద, పెళ్ళి మీద నమ్మకం లేదు. తల్లికి జబ్బు ముదిరింది. కూతురికి తోడు దొరికితే చూడాలని ఆ తల్లి కోరిక. తల్లి చనిపోయాక అన్విత ఒంటరిదవుతుంది. అప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం: పెళ్ళి వద్దు, కానీ ఒక బిడ్డ కావాలి. డాక్టరు సాయంతో, దాత వీర్యంతో తల్లి కావాలనుకుంటుంది. ఆ దాత ఎవరో తానే చూసి ఎంచుకోవాలనుకుంటుంది. అలా ఆమెకు దొరికినవాడు సిద్ధు పొలిశెట్టి. పగలు ఉద్యోగం, సాయంత్రం వేదిక మీద జోకులు చెప్పే కుర్రాడు. ఆమె తన గురించి ఎందుకు ఇంత తెలుసుకుంటోందో అతనికి తెలియదు. అతను ప్రేమలో పడతాడు. తర్వాత నవ్వులు, అపార్థాలు, కన్నీళ్ళు. చివరికి ఇద్దరూ ఒకటవుతారు.

మహేష్ బాబు పి. దీనికి దర్శకుడు. యు.వి. క్రియేషన్స్ నిర్మించింది. నవీన్ పొలిశెట్టి హాస్యం వల్ల ఇల్లంతా కూర్చుని చూడగలిగిన సినిమా ఇది. ఇంత సున్నితమైన విషయాన్ని అసభ్యం లేకుండా చెప్పారని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మేమూ ఒప్పుకుంటాం.

చూసినవాళ్ళు ఏమంటున్నారు?

మా వైపు వినిపించే అభిప్రాయాలు స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది పెద్దవాళ్ళది. “మొగుడు వద్దు, బిడ్డ కావాలంట! ఇదెక్కడి చోద్యమమ్మా?” అంటారు. ఇది మన పద్ధతి కాదు, విదేశాల నుంచి వచ్చిన జాడ్యం అని వారి భావం.

రెండవది మగపిల్లలది. వారి అభ్యంతరం వేరు. ఆమె తన ఉద్దేశం దాచి అతనితో స్నేహం చేసింది కదా, అదే పని ఒక అబ్బాయి చేసి ఉంటే ఎవరైనా ఊరుకునేవారా అని అడుగుతారు.

మూడవది చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లలది. వారికి నచ్చినది ప్రేమకథ కాదు. ఆమె సొంతంగా సంపాదించడం, తన నిర్ణయం తానే తీసుకోవడం, ఎవరినీ అనుమతి అడగకపోవడం. అయితే చివరి పావుగంట గురించి వారికి చిన్న అసంతృప్తి. అంత గట్టిగా నిలబడిన మనిషిని ఎందుకు మార్చారు అంటారు.

నాలుగవది కూలిపనికి, ఫ్యాక్టరీ పనికి వెళ్ళే అక్కలది. “ఆయమ్మకు లండన్‌లో ఉద్యోగముంది, దుడ్డుంది. అట్లాంటోళ్ళు పెండ్లి వద్దంటే స్టైలు. మాయట్లాంటోళ్ళు వద్దంటే ఊరు ఊరుకుంటుందా?” ఈ మాట దగ్గర మేము ఆగిపోయాం. మిగతా మూడు అభిప్రాయాలూ సినిమా గురించి. ఇది బతుకు గురించి.

ఒక్కొక్క మాటనూ పరిశీలిద్దాం.

‘మన పద్ధతి కాదు’ అనే మాట

భర్త తోడు లేని ఆడవాళ్ళు లండన్ నుంచి రాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసినవారు, పెళ్ళి చేసుకోనివారు కలిపి 7 కోట్ల 14 లక్షల మంది. 2001లో ఈ సంఖ్య 5 కోట్ల 12 లక్షలు. పదేళ్ళలో దాదాపు 39 శాతం పెరుగుదల.

మన తాలూకాల్లో చూడండి. శిడ్లఘట్ట పట్టు పనిలో, చింతామణి టమాటా తోటల్లో, చిక్కబళ్ళాపురం పూల తోటల్లో, బెంగళూరు, దొడ్డబళ్ళాపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో వీరు కనిపిస్తారు. తమ్ముళ్ళను చదివించడానికి పెళ్ళి వాయిదా వేసుకుని, ఆ వాయిదాలోనే వయసు దాటిన అక్కలున్నారు. భర్త ఇంకొకరిని తెచ్చుకుంటే బిడ్డలతో పుట్టింటికి వచ్చినవారున్నారు. కట్నం ఇవ్వలేక ఆగిపోయినవారున్నారు. ముసలి తల్లిని చూసుకునేందుకు ఉండిపోయినవారున్నారు. తమకు పెళ్ళి అక్కరలేదని నిశ్చయించుకున్నవారూ ఉన్నారు. వారి మాటను మాత్రం ఎవరూ నమ్మరు. ఏదో లోపం ఉంది కాబట్టే పెళ్ళి కాలేదు అంటారు.

అన్విత కథ మన పద్ధతి కాకపోవచ్చు. కానీ ఈ అక్కల కథ మన పద్ధతి వల్లనే వచ్చింది.

మన భాషనే గమనించండి. ఇలాంటి స్త్రీని పిలవడానికి మనకు తిన్నని మాట లేదు. ‘పెళ్ళికాని’ అంటే లేనిదాన్ని చెప్పి గుర్తించడం. ‘ఒంటరి మహిళ’ అంటే వినగానే దిక్కులేనిది అన్న అర్థం వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మంచి పింఛను పథకానికి కూడా ఆ పేరే పెట్టవలసి వచ్చింది. ఇంగ్లీషు నుంచి ‘మిస్’ అనే మాట అరువు తెచ్చుకున్నాం. దానికి ‘అమ్మ’ చేర్చి సొంతం చేసుకున్నది కూడా ఒక సినిమాయే.

1955 నాటి ఇంకో ‘మిస్’

1955 జనవరి 12న విజయా ప్రొడక్షన్స్ ‘మిస్సమ్మ’ విడుదలైంది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు నటించారు. ఈనాటికీ టీవీలో వస్తే మన ఇళ్ళలో పెద్దలు పని ఆపి కూర్చుంటారు. మన క్రైస్తవ ఇళ్ళలో దాని మీద ఇంకొంచెం ఎక్కువ ప్రేమ. కారణం, కథానాయిక పేరు మేరీ.

మేరీ చదువుకున్న క్రైస్తవ యువతి. ఉద్యోగం కావాలి. అప్పు ఇచ్చిన డేవిడ్ ఆ అప్పు అడ్డం పెట్టుకుని పెళ్ళి చేసుకోమని వేధిస్తుంటాడు. అప్పాపురం జమీందారు బడికి టీచర్లు కావాలని ప్రకటన వస్తుంది. కానీ భార్యాభర్తలు మాత్రమే కావాలి. పెళ్ళికాని ఆడపిల్లకు ఉద్యోగం లేదు. కాబట్టి మేరీ, ఎం.టి. రావు భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరతారు. ఆ అబద్ధం చుట్టూ తిరిగే హాస్యమే సినిమా.

ఆనాటి ప్రేక్షకుడు నవ్విన చోట కొంచెం ఆగి ఆలోచిస్తే, ఆ హాస్యం కింద ఉన్నది అన్యాయమే. చదువు ఉంది, అర్హత ఉంది, పక్కన భర్త లేడు కాబట్టి ఉద్యోగం రాదు. చక్రపాణి కథ ఆ సంగతిని దాచలేదు, దాని మీదే కథ కట్టింది.

మరి ముగింపు? మేరీ అసలు మేరీ కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి. ఆ నిజం బయటపడ్డాక పెళ్ళికి అడ్డం తొలగిపోతుంది. అంటే క్రైస్తవ యువతి క్రైస్తవ యువతిగా ఉండగా ఆ ప్రేమకథ ముగియలేదు. ఆమె మిస్ కావడం ఒక సమస్య, మేరీ కావడం రెండో సమస్య. ఒక్క పుట్టుమచ్చతో రెండూ తీరిపోయాయి.

‘మిస్సమ్మ’ చెడ్డ సినిమా అని మేము అనడం లేదు. అది గొప్ప సినిమా. మతాల మధ్య ద్వేషం లేని సినిమా. పెంచిన క్రైస్తవ తల్లిదండ్రులను గౌరవంగా చూపిన సినిమా. కానీ మన ఇష్టమైన సినిమా కాబట్టే దాన్ని ఈ ప్రశ్న అడగగలం: మేరీ మేరీగానే ఉండి, తన జీతంతో అప్పు తీర్చి, ఇష్టమైతే పెళ్ళి చేసుకుని, ఇష్టం లేకపోతే మానుకుని బతికే ముగింపు అప్పటి ప్రేక్షకుడికి ఎందుకు మింగుడుపడదని రచయిత అనుకున్నాడు?

1955 నుంచి 2023కి వస్తే చాలా మారింది. ఉద్యోగానికి భర్త అవసరం లేదు. అన్విత లండన్‌లో వంటశాలనే నడుపుతుంది. అబద్ధపు భర్త బదులు దాత దొరుకుతాడు. అయినా ముగింపు దగ్గర రెండు సినిమాలూ ఒకే చోటికి వస్తాయి. ‘మిస్’ అని మొదలైన కథ ఆ ‘మిస్’ను తీసేస్తే గానీ పూర్తి కాదు.

హాస్య ప్రేమకథ అంటే చివర ఇద్దరూ కలవాలి కదా, లేకపోతే జనం డబ్బిచ్చి ఎందుకు చూస్తారు అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒంటరితనం నిజమైన బాధ అని కూడా మేము మరిచిపోవడం లేదు. తోడు కోరుకోవడం బలహీనత కాదు. పెళ్ళి దేవుడిచ్చిన మంచి వరమని నమ్మేవాళ్ళమే. మా అభ్యంతరం ఒక్క సినిమా ముగింపు మీద కాదు. ప్రతి కథా అక్కడే ముగిస్తే, అలా ముగియని బతుకులు అసంపూర్ణమని చూసేవాళ్ళకు అలవాటవుతుంది. ఆ అలవాటుతోనే మనం మన అక్కలను చూస్తున్నాం.

మగపిల్లల అభ్యంతరంలో న్యాయం ఉంది

ఆమె ఉద్దేశం దాచడం తప్పు అనే మాటను కొట్టిపారేయకూడదు. ఎదుటి మనిషి దేహం నుంచి ఏదైనా కోరేటప్పుడు వారికి తెలియాలి, వారు ఒప్పుకోవాలి. ఇది ఆడవారికీ మగవారికీ ఒకే న్యాయం. సినిమా కూడా ఈ తప్పును పూర్తిగా కప్పిపుచ్చలేదు. సిద్ధుకు నిజం తెలిసినప్పుడు అతని నొప్పిని చూపింది.

అయితే నిజ జీవితంలో చట్టం ఈ దారి పెట్టలేదని యువత తెలుసుకోవాలి. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం దాతను వీర్య బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. దాత ఎవరో తల్లికి తెలియదు, తల్లి ఎవరో దాతకు తెలియదు. ఎవరినో చూసి, మెచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళడం కుదరదు. అదే చట్టం ఇంకొక విషయం కూడా చెబుతుంది: 21 ఏళ్ళు దాటి 50 ఏళ్ళలోపు ఉన్న స్త్రీ, పెళ్ళి కాకపోయినా, ఈ చికిత్స కోరవచ్చు. అదే ఏడాది వచ్చిన సరోగసీ చట్టం మాత్రం వితంతువులకు, విడాకులు పొందినవారికి 35 నుంచి 45 ఏళ్ళ మధ్యలో అవకాశం ఇచ్చింది, అసలు పెళ్ళే చేసుకోనివారికి ఇవ్వలేదు. చట్టం కూడా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో ఆపిందన్నమాట. దత్తత విషయంలో మాత్రం పెళ్ళికాని స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు. తల్లి కావాలన్న కోరిక ఉన్నవారికి, తల్లి కోసం ఎదురుచూస్తున్న బిడ్డలున్న దేశంలో, ఇది మంచి దారి. సినిమాలో ఈ దారి గురించి మాట వచ్చి ఉంటే బాగుండేది.

ఒక క్రైస్తవ తల్లి గెలిచిన కేసు

పెళ్ళికాని తల్లి అనగానే మనలో చాలామంది మొహం తిప్పుకుంటారు. కనుక ఈ సంగతి తెలియాలి. 2015 జూలై 6న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అర్జీ పెట్టుకున్నది పెళ్ళికాని క్రైస్తవ స్త్రీ. ఉద్యోగం చేసుకుంటూ కొడుకును తానే పెంచుతోంది. బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకురాలిగా గుర్తించమని అడిగింది. తండ్రి పేరు చెప్పాలి, అతనికి నోటీసు పంపాలి అని కింది కోర్టులు అన్నాయి. ఆమె ఒప్పుకోలేదు. తండ్రి పేరు చెప్పమని బలవంతం చేయనక్కరలేదనీ, బిడ్డ క్షేమమే ముఖ్యమనీ సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్ళికాని తల్లి ప్రమాణ పత్రం ఇస్తే బిడ్డకు జనన ధృవపత్రం ఇవ్వాలని కూడా ఆదేశించింది.

ఆ తీర్పు మన మతంవారు అడిగితే వచ్చింది, కానీ దేశంలోని తల్లులందరికీ ఉపయోగపడింది. అంతకు ముందు 1986లో మేరీ రాయ్ ఇలాగే నిలబడింది. భర్త నుంచి విడిపోయి పిల్లలను పెంచుకుంటున్న ఆమె, తండ్రి ఆస్తిలో సమాన వాటా కోసం సుప్రీంకోర్టుదాకా వెళ్ళి కేరళ సిరియన్ క్రైస్తవ కుమార్తెలందరికీ హక్కు తెచ్చింది. ఈ ఇద్దరి కథలో చివర పెళ్ళి లేదు. అయినా ఇవి పూర్తయిన కథలే.

మన సంఘాల్లో ఆమె స్థానం ఎక్కడ?

ఇప్పుడు మన ఇంటి సంగతి. సినిమా చూసిన క్రైస్తవుల్లో కొందరు, వాక్యానికి విరుద్ధం అని ఒక్క మాటతో తేల్చేస్తారు. వాక్యం దగ్గరికే వెళ్దాం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పెళ్ళి చేసుకోనివారిని తక్కువ చేయలేదు, వారికి ఒక పిలుపు ఉందన్నాడు. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు పెళ్ళికానివారే, ప్రవచించేవారు. బేతనియలో యేసును తన ఇంట చేర్చుకున్నది మార్త. లూకా ఆ ఇంటిని ఆమె ఇల్లుగానే చెప్పాడు, ఆమె భర్త ప్రస్తావన లేదు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు ఐదుగురు కుమార్తెలు తండ్రి చనిపోయాక మోషే ముందు నిలబడి భూమిలో వాటా అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు.

చరిత్ర దగ్గరికి రండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పెళ్ళి చేసుకోలేదు. తెలుగు ఆడవాళ్ళకు వైద్యం చేస్తూ 1930లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆమె ఆసుపత్రి ఈనాటికీ ఆమె పేరుతోనే పిలవబడుతోంది. వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టి 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచిన ఐడా స్కడర్ కూడా పెళ్ళి చేసుకోలేదు. చింతామణి నుంచి, బాగేపల్లి నుంచి పెద్ద జబ్బులకు వేలూరు వెళ్ళివచ్చిన కుటుంబాలు మన మధ్య ఎన్నో. ఆ మహాతల్లులను స్మరించుకుంటాం, వారి ఫొటోలు గోడకు తగిలిస్తాం.

కానీ మన సంఘంలోనే ఇరవై ఏళ్ళుగా సండే స్కూలు నడిపే 42 ఏళ్ళ టీచరమ్మను చూసినప్పుడు మాత్రం ఆమె పెళ్ళి కోసం ప్రార్థన అంశం రాస్తాం. ఆమె అడిగిందా లేదా అని చూడం. స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పేవారు భర్తను, పిల్లలను దేవుడిచ్చిన ఆశీర్వాదాలుగా లెక్కిస్తే, ఆమె వంతు వచ్చేసరికి అందరూ జాలిగా చూస్తారు. సంఘ పుస్తకంలో కుటుంబాల లెక్క రాసేటప్పుడు ఆమె పేరు అన్న కుటుంబం కింద ఉంటుంది. చందా మాత్రం ఆమె విడిగా ఇస్తుంది.

ఇక్కడ కులం మాట కూడా చెప్పాలి. సినిమా పేరులో రెండు ఇంటిపేర్లున్నాయి. అవి నటీనటుల సొంత ఇంటిపేర్లే, సరదాగా కలిపారు. అయినా మా వైపు ‘శెట్టి’ అని వినగానే వాళ్ళు ఎవరు అని అడగనివారు తక్కువ. అన్విత తన వాడిని ఎంచుకునేటప్పుడు ఆరోగ్యం చూసింది, గుణం చూసింది. కులం అడగలేదు. మన క్రైస్తవ ఇళ్ళలో పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఏమిటో చదువరులకు తెలుసు. రక్షణ పొందాడా అన్నది రెండో ప్రశ్న. పెళ్ళి ద్వారానే కులం తరం నుంచి తరానికి దాటుతుంది. అందుకే పెళ్ళి వద్దన్న స్త్రీ అన్నా, తనకు తానే ఎంచుకున్న స్త్రీ అన్నా పెద్దలకు అంత భయం. ఆ భయానికి మనం భక్తి అని పేరు పెడుతున్నాం.

దుడ్డు ఉంటేనే స్వేచ్ఛా?

మొదట చెప్పిన నాలుగవ అభిప్రాయానికి తిరిగి వద్దాం. ఫ్యాక్టరీకి వెళ్ళే అక్క అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అన్విత పెళ్ళి వద్దని అనగలిగింది, ఎందుకంటే ఆమెకు ఇల్లుంది, జీతముంది, ఊరి నోరు అందని దూరముంది. మన ఊరి ఒంటరి స్త్రీకి కావలసినది కూడా అవే: తల మీద కప్పు, చేతిలో కొంత డబ్బు, నిందించని ఇరుగుపొరుగు.

సినిమా విడుదలకు వారం ముందు, 2023 ఆగస్టు 30న కర్ణాటక ప్రభుత్వం గృహలక్ష్మి పథకం ప్రారంభించింది. ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు. ఎంతోమంది తల్లులకు మేలు జరిగింది. అయితే యజమానురాలు ఎవరు? రేషన్ కార్డులో ఇంటి పెద్దగా రాసిన ఒక్క స్త్రీ. అన్న ఇంట్లో ఉంటూ, అన్న పిల్లలను సాకుతూ, తన కూలి కూడా ఆ ఇంట్లోనే ఇచ్చే పెళ్ళికాని చెల్లెలు ఆ కార్డులో ఎన్నో పేరుగా ఉంటుంది. ఆమె గృహానికి ఆమె లక్ష్మి కాదు. అదే ఏడాది జూన్ 11న మొదలైన శక్తి పథకం మాత్రం ఈ తేడా చూపలేదు. ప్రభుత్వ బస్సు ఎక్కే స్త్రీని నీ భర్త ఎవరు అని అడగలేదు. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం కోర్టుకో ఆసుపత్రికో ఎవరినీ చెయ్యిచాచి అడగకుండా వెళ్ళివచ్చే స్త్రీకి ఆ టికెట్టు విలువ తెలుసు.

ఇంకొక పథకం చాలామందికి తెలియదు. పేరు మనస్విని. పేదరికపు రేఖకు దిగువన ఉన్న 40 నుంచి 64 ఏళ్ళ పెళ్ళికాని, విడాకులు పొందిన స్త్రీలకు నెలనెలా పింఛను ఇచ్చే పథకం ఇది. 2013లో మొదలైంది, నెలకు 500 నుంచి 800 రూపాయలకు పెరిగింది. 800తో నెల గడవదు. అయినా అది ఆమె పేరున వచ్చే డబ్బు. నాడకచేరికి వెళ్ళి అర్జీ రాయించడానికి తోడు కావాలి. ఆ తోడు సంఘం యువకులే కావచ్చు.

ఏం చేద్దాం?

సినిమా మీద వాదించుకోవడం మంచిదే, కానీ అక్కడే ఆగకూడదు. మన సంఘాల ముందు, యువజన కూటాల ముందు ఈ కొద్ది పనులు పెడుతున్నాం.

ఒకటి. సంఘ పుస్తకంలో ఒంటిగా బతుకుతున్న ప్రతి స్త్రీనీ ఒక కుటుంబంగా, ఆ కుటుంబానికి పెద్దగా రాయండి. సంఘ కమిటీలో ఓటు, పోటీ చేసే హక్కు అందరితో సమానంగా ఉండాలి.

రెండు. అడగనివారి పెళ్ళి కోసం బహిరంగంగా ప్రార్థన చేయడం మానండి. తోడు కావాలని కోరుకునేవారు అడుగుతారు, అప్పుడు మనసారా చేయండి. వారికి సంబంధం చూసేటప్పుడు కులం అడగకండి.

మూడు. ఊళ్ళో మనస్వినికి, వితంతు పింఛనుకు అర్హత ఉండి అందనివారి జాబితా యువకులు రాయండి. ఒక శనివారం వారితో కలిసి ఆఫీసుకు వెళ్ళండి. రేషన్ కార్డు విడిగా కావలసినవారికి అర్జీ రాసిపెట్టండి.

నాలుగు. ఇల్లు అద్దెకిచ్చే విశ్వాసులకు ఒక మాట. ఉద్యోగం చేసుకునే ఒంటరి ఆడపిల్ల వచ్చి గది అడిగితే భర్త ఎక్కడ అని అడగకండి. అప్పాపురం జమీందారు 1955లో అడిగిన ప్రశ్న అది. సినిమాలో దానికి నవ్వాం. మన వాకిట్లో ఆ అమ్మాయికి అది నవ్వు తెప్పించదు.

ఐదు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులారా, కట్నానికి దాచే డబ్బులో కొంత ఆమె పేరున చదువుకో, ఇంటి స్థలానికో పెట్టండి. పెళ్ళయినా, కాకపోయినా అది ఆమెకు నిలుస్తుంది.

యువజన కూటంలో ఈ రెండు సినిమాలూ చూసి మాట్లాడుకోండి. మొదట ‘మిస్సమ్మ’, తర్వాత ‘మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి’. అబ్బాయిలు ఒక పక్క, అమ్మాయిలు ఒక పక్క కాకుండా కలిసి కూర్చోండి. చూశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: మేరీకి, అన్వితకు పెళ్ళి లేని ముగింపు రాయమంటే ఎలా రాస్తారు? ఆ ముగింపులో ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరితో పండుగ చేసుకుంటుంది, జబ్బు చేస్తే ఎవరు వస్తారు? ఆ జవాబుల్లో మీ సంఘం పేరు వస్తుందో రాదో చూడండి. రాకపోతే పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.